19,000 గుండ్లు, 40 నిమిషాలు: ఒకినావా దీవిలో ఫిరంగుల లెక్క

రెండో ప్రపంచ యుద్ధం చివరి నెలల్లో, 1945 ఏప్రిల్ 19 ఉదయం 6 గంటలకు, జపాన్‌కు చెందిన ఒకినావా దీవి దక్షిణ భాగంలో అమెరికా ఫిరంగులన్నీ ఒక్కసారిగా మోగాయి. 27 ఫిరంగి బెటాలియన్లు, 324 ఫిరంగులు. 105 మిల్లీమీటర్ల హోవిట్జర్ల నుంచి 8 అంగుళాల భారీ హోవిట్జర్ల దాకా అన్ని రకాలూ ఉన్నాయి. యుద్ధరేఖ పొడవునా సగటున ప్రతి మైలుకూ 75 ఫిరంగుల లెక్కన పెట్టారు. 40 నిమిషాల్లో 19,000 గుండ్లు పేల్చారు. దీనికి తోడు సముద్రంలోంచి 6 బ్యాటిల్‌షిప్పులు, 6 క్రూయిజర్లు, 6 డిస్ట్రాయర్లు కొడుతుంటే, పైనుంచి 650 విమానాలు బాంబులు, రాకెట్లు, నాపామ్ (అంటుకుని మండే చిక్కటి ఇంధనం) వేశాయి. పసిఫిక్ యుద్ధంలో అంతవరకూ ఇన్ని ఫిరంగులు ఒకే దాడికి ఎక్కడా చేరలేదు.

ఇందులో ఒక ఎత్తుగడ కూడా ఉంది. మొదటి 20 నిమిషాలు జపాన్ వాళ్ళ ముందు వరుస మీద కొట్టారు. తర్వాత కాల్పులను 500 గజాలు వెనక్కి జరిపారు. సరిగ్గా అప్పుడే అమెరికా పదాతి సైనికులు దాడికి లేస్తున్నట్టు నటించారు. గుండ్లు ఆగాయి, దాడి మొదలైంది అనుకుని జపాన్ సైనికులు గుహల్లోంచి బయటికొచ్చి మెషిన్‌గన్ల దగ్గరికి చేరతారు, అప్పుడు మళ్ళీ ముందు వరుస మీదికి తిప్పి పది నిమిషాలు కొడితే ఆరుబయట దొరికిపోతారు అన్నది లెక్క. 6:40కి రెండు డివిజన్లు నిజంగానే కదిలాయి, మూడోది 7:30కి.

సాయంత్రానికి ఈ మూడు డివిజన్లున్న అమెరికా 24వ కోర్ చనిపోయినవారు, గాయపడినవారు, కనబడకుండా పోయినవారు కలిపి 720 మందిని పోగొట్టుకుంది. జపాన్ రేఖ ఎక్కడా తెగలేదు. కకాజు గుట్ట దగ్గర పదాతి దళం లేకుండా ముందుకెళ్ళిన 30 ట్యాంకుల్లో 22 తిరిగి రాలేదు. ఆ కోర్ ఫిరంగులకు అధిపతి బ్రిగేడియర్ జనరల్ జోసెఫ్ షీట్స్ తర్వాత తన లెక్క తాను చెప్పాడు. ఆ ఉదయం గుండ్ల వల్ల 190 మంది జపాన్ సైనికులైనా చనిపోయారా అని ఆయనకే అనుమానం. అంటే వంద గుండ్లకు ఒక మనిషి.

అంత బలం ఉండి ఇంత తక్కువ ఫలితం ఎందుకు? పసిఫిక్ దీవుల్లో ఫిరంగులు అసలు దేనికి పనికొచ్చాయి, దేనికి పనికిరాలేదు? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే ఆ యుద్ధంలో సగం అర్థమైనట్టే. ఎందుకంటే దీవి మీద జరిగే యుద్ధంలో సైనికుడు ఎప్పుడు కదలాలి, ఎటు కదలాలి, నౌకలు ఎన్నాళ్ళు అక్కడే నిలబడాలి అన్నవన్నీ ఫిరంగుల చుట్టూనే తిరుగుతాయి.

గుండు ఇచ్చేది నిమిషాలు

ఫిరంగి అంటే మనుషుల్ని చంపేది అనే మనం అనుకుంటాం. ఆరుబయట ఉన్నవారి విషయంలో అది నిజమే. కానీ కాంక్రీటు కప్పు కిందా, రాతి గుహలోనూ కూర్చున్న సైనికుడిని దూరం నుంచి వచ్చే గుండు చంపడం చాలా కష్టం. సరిగ్గా గుహ నోట్లోనే పడాలి, లేదా కప్పును చీల్చేంత బరువుండాలి. మామూలుగా అది చేసే పని వేరు. గుండ్లు పడుతున్నంతసేపు లోపలివాడు తల ఎత్తలేడు. మెషిన్‌గన్ దగ్గరికి రాలేడు. ఎదుటివాళ్ళు ఎంత దగ్గరికి వచ్చారో చూడలేడు. కాల్పులు ఆగాక మళ్ళీ తన చోటికి చేరడానికి అతనికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. ఆ ఒకటి రెండు నిమిషాల్లో దాడి చేసేవాడు అతని గుమ్మం దగ్గర ఉండాలి. లేకపోతే అంతకుముందు పేల్చిన గుండ్లన్నీ వృథా.

ఈ పాఠం అమెరికాకు ఒకినావా కంటే ఏడాదిన్నర ముందే, 1943 నవంబర్ 20న, తరావా పగడాల దీవుల్లోని బెటియోలో చాలా నెత్తురుతో అందింది. బెటియో చాలా చిన్న దీవి, ఒకటిన్నర చదరపు కిలోమీటరు కూడా ఉండదు. కొండలు లేవు, అంతా చదునే. దాని మీద నౌకలు ఆ ఉదయం దాదాపు 3,000 టన్నుల గుండ్లు కురిపించాయి. దీవి మొత్తం పొగతో, దుమ్ముతో కనబడకుండా పోయింది. అక్కడ ఇంకెవరూ బతికి ఉండరని నౌకల మీదివాళ్ళు అనుకున్నారు.

కానీ బెటియో చదునుగా ఉండటమే సమస్య అయింది. నౌక ఫిరంగి గుండు చాలా వేగంగా, దాదాపు అడ్డంగా వస్తుంది. చదును నేలను తాకి చాలా గుండ్లు జారి ఎగిరి అవతల సముద్రంలో పడ్డాయి. కొబ్బరి దుంగలు, పగడపు ఇసుక, కాంక్రీటు కలిపి కట్టిన బంకర్లు చాలావరకు నిలిచాయి. దీనికంటే ఘోరమైంది టైమింగ్. 8:30కి ఒడ్డు చేరాల్సిన మొదటి వరుస ఆలస్యమైంది. సమయాన్ని ఒకసారి, తర్వాత ఇంకోసారి వెనక్కి జరిపారు. అధిపతి నౌక మేరీలాండ్ తన సొంత ఫిరంగుల అదురుకే రేడియోలు పాడై ఎవరితోనూ సరిగా మాట్లాడలేకపోయింది. పొగలో ఏమీ కనబడక, తమ పడవల మీదే గుండ్లు పడతాయన్న భయంతో 9 గంటలకు కాస్త ముందే నౌకలు కాల్పులు ఆపేశాయి. మొదటి వాహనాలు ఇసుకను తాకింది 9:10కి. మధ్యలో పావుగంట. జపాన్ సైనికులు తుపాకుల దగ్గరికి చేరడానికి, దీవి అవతలి వైపు నుంచి మనుషుల్ని ఇటు తేవడానికి అది చాలు. 76 గంటల ఆ పోరులో సుమారు వెయ్యి మంది అమెరికన్లు చనిపోయారు.

అదే రోజు మధ్యాహ్నం జరిగిన ఇంకో విషయం నాకు ఆ 3,000 టన్నుల కంటే ముఖ్యంగా కనిపిస్తుంది. తర్వాత పరిశోధించిన చరిత్రకారులు చెబుతున్న ప్రకారం, జపాన్ కమాండర్ కెయిజి షిబజాకి తన కార్యాలయాన్ని గాయపడినవారికి ఇచ్చి, అధికారులతో కలిసి ఇంకో చోటికి మారుతూ ఆరుబయటికి వచ్చాడు. ఒడ్డున ఉన్న ఒక పరిశీలకుడు ఆ గుంపును చూసి రేడియోలో చెప్పాడు. దగ్గర్లోని డిస్ట్రాయర్ వేసిన గుండ్లకు షిబజాకి, ఆయన అధికారులు చనిపోయారు. ఆ రాత్రి జపాన్ వాళ్ళ ఎదురుదాడి జరగకపోవడానికి అదొక పెద్ద కారణం. ఉదయమంతా చూడకుండా కొట్టినవి చేయలేని పని, మధ్యాహ్నం చూసి కొట్టినవి చేశాయి.

పక్క దీవి పాఠం

తరావాకు ముందు మెరైన్లు (నౌకల మీంచి ఒడ్డు దిగి పోరాడే అమెరికా సైనికులు) ఒక మాట అడిగారు. బెటియో పక్కనే ఉన్న బైరికి అనే చిన్న దీవిని ముందు పట్టుకుని, అక్కడ ఫిరంగులు పెట్టుకుంటాం, తర్వాత బెటియో మీదికి వెళ్తాం అని. పైవాళ్ళు ఒప్పుకోలేదు. ముందే దీవి పట్టుకుంటే శత్రువుకు తెలిసిపోతుంది, సమయం పోతుంది, నౌకలు ప్రమాదంలో ఉంటాయి అన్నారు. చివరికి పోరు మధ్యలో బైరికిని తీసుకుని అక్కడికి ఫిరంగులు తెచ్చారు.

రెండు నెలల తర్వాత క్వాజలీన్‌లో ఆ పని ముందే చేశారు. 1944 జనవరి 31న పక్కనున్న చిన్న దీవి మీద 7వ డివిజన్ ఐదు ఫిరంగి బెటాలియన్లను దించింది. మర్నాడు అసలు దీవి మీద దాడి. ఈలోగా హవాయిలోని కహూలవే దీవి మీద తరావా బంకర్ల లాంటి బంకర్లే కట్టి, ఏ గుండు వాటిని పగలగొడుతుందో, ఎంత దూరం నుంచి కొట్టాలో నౌకలకు సాధన చేయించారు. తేలింది ఏమిటంటే: విస్తీర్ణం మీద గుండ్లు చల్లడం దండగ. దగ్గరికి వెళ్ళి, ఒక్కో బంకర్‌ను గుర్తుపట్టి, కవచాన్ని చీల్చే గుండుతో, నిదానంగా, అది పగిలేదాకా కొట్టాలి. అడ్మిరల్ కొనోలీ తన నౌకలను ఒడ్డుకు ఎంత దగ్గరగా తీసుకెళ్ళాడంటే ఆయనకు ఆ దగ్గరితనం మీదే ముద్దుపేరు వచ్చింది. క్వాజలీన్ మొత్తం మీద అమెరికా మృతులు 400 లోపే.

ఇవోజిమాలో మళ్ళీ కథ తిరగబడింది. మెరైన్లు దిగడానికి ముందు 10 రోజుల నౌకా కాల్పులు కావాలన్నారు, నౌకాదళం 3 రోజులు ఇచ్చింది. ఆ వాదన ఇప్పటికీ తెగలేదు. అయితే అక్కడి జపాన్ కమాండర్ కురిబయాషి నేల కింద కట్టిన సొరంగాలను చూస్తే, ఇంకో వారం కొట్టినా ఎంత తేడా వచ్చేదో చెప్పడం కష్టమే.

ఒకినావా: ఖాళీ ఒడ్డు, నిండిన గుట్టలు

1945 ఏప్రిల్ 1న ఒకినావా పడమటి ఒడ్డు, హగుషి తీరం మీద 10 బ్యాటిల్‌షిప్పులు, 9 క్రూయిజర్లు, 23 డిస్ట్రాయర్లు, 177 చిన్న గన్‌బోట్లు కలిసి కొట్టాయి. 5 అంగుళాలు, అంతకు మించిన గుండ్లే 44,825. వాటి పైన 33,000 రాకెట్లు, 22,500 మోర్టార్ గుండ్లు. ఒక సైన్యం ఒడ్డు దిగడానికి అప్పటిదాకా ఏ యుద్ధంలోనూ ఇంత నౌకా కాల్పుల సాయం అందలేదు. తీరా దిగి చూస్తే అక్కడ ఎదిరించేవాళ్ళే దాదాపు లేరు. మధ్యాహ్నానికి ముందే రెండు విమానాశ్రయాలు చేతికొచ్చాయి. చీకటి పడేలోగా 60,000 మంది ఒడ్డున ఉన్నారు.

జపాన్ 32వ సైన్యం కమాండర్ మిత్సురు ఉషిజిమా ఒడ్డును కావాలనే వదిలేశాడు. ఆయన సైన్యంలోని మంచి డివిజన్ ఒకదాన్ని ముందు ఏడాది చివర్లో తైవాన్‌కు తరలించారు. ఉన్నవాళ్ళతో తీరం మొత్తం కాపాడటం కుదరదు. ఆయన దగ్గర వ్యూహం చూసే కల్నల్ హిరోమిచి యహారా ఆలోచన ఏమిటంటే, నౌకా ఫిరంగుల ముందు ఇసుకలో నిలబడి చావడం కంటే, దక్షిణాన షురి కోట చుట్టూ ఉన్న గుట్టల్లోకి వెళ్ళి, ఆ ఫిరంగులు అందుకోలేని విధంగా కూర్చోవాలి. గెలవడానికి కాదు, ఆలస్యం చేయడానికి.

అందుకోలేని విధంగా అంటే ఏమిటో కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే ఏప్రిల్ 19 వైఫల్యం మొత్తం ఇందులోనే ఉంది. ప్రహరీ గోడ అవతల, గోడను ఆనుకుని కూర్చున్న మనిషిని ఇవతలి నుంచి రాయితో కొట్టాలనుకోండి. గట్టిగా, నేరుగా విసిరితే రాయి గోడకు తగులుతుంది, లేదా అతని నెత్తి మీదుగా దూరంగా పోతుంది. నిలువుగా పైకి విసిరి అతని మీద పడేలా చేయాలి. గుట్టకు వెనక వైపు వాలులో ఉన్న సైనికుడిది అదే పరిస్థితి. నౌక ఫిరంగి నేరుగా విసిరే రాయి లాంటిది. కొండ ముఖానికి ఎదురుగా ఉన్న గుహను అది బ్రహ్మాండంగా పగలగొడుతుంది, వెనక వాలును తాకలేదు. హోవిట్జర్ గుండు వంపు తిరిగి వస్తుంది. 1999 కార్గిల్ యుద్ధంలో బోఫోర్స్ పేరు విన్నవారికి ఈ రకం ఫిరంగి తెలుసు. వెనక వాలును అది కొంతవరకు అందుకుంటుంది. మోర్టార్ అయితే దాదాపు నిలువుగా పైకి లేచి కిందికి పడుతుంది, కానీ దాని గుండు చిన్నది, గుహ కప్పును ఏమీ చేయలేదు.

యహారా మనుషులు ఈ మూడింటికీ మధ్య ఉన్న ఖాళీలో ఇల్లు కట్టుకున్నారు. గుట్టకు ముందు వైపు కొద్దిమంది, వెనక వాలులో ఎక్కువమంది, గుట్ట కిందుగా రెండు వైపులకూ సొరంగం. ముందు వైపు గుండ్లు పడుతుంటే సొరంగంలోంచి వెనక్కి పోతారు. ఆగితే ముందుకొస్తారు. అమెరికన్లు ప్రాణాలకు తెగించి గుట్ట తల ఎక్కితే, వెనక వాలు నుంచి మోర్టార్లు, పక్క గుట్టల మీది మెషిన్‌గన్లు వాళ్ళను అక్కడే పట్టుకుంటాయి. ఏప్రిల్ 19న గుండ్లు 500 గజాలు జరిగినప్పుడు లోపలివాళ్ళు తొందరపడాల్సిన అవసరమే లేదు. 6:40 తర్వాత వాళ్ళకు కావలసినంత టైమ్ దొరికింది.

జపాన్ వైపు కూడా ఈసారి ఫిరంగులు తక్కువేం లేవు. పసిఫిక్ దీవుల్లో ఎక్కడా లేనన్ని ఫిరంగులు ఒకే కమాండ్ కింద, జనరల్ కొసుకె వదా చేతిలో ఉన్నాయి. 320 మిల్లీమీటర్ల రాక్షస మోర్టార్లు కూడా ఉండేవి. ఫిరంగుల్ని గుహల్లో దాచి, నోటి దాకా లాక్కొచ్చి, నాలుగు గుండ్లు వేసి మళ్ళీ లోపలికి లాగేసేవారు. దీవిలో ప్రతి దారీ, ప్రతి మలుపూ ముందే కొలిచి పెట్టుకున్నారు.

చూసేవాడు, లెక్కకట్టేవాడు, కొట్టేవాడు

అమెరికా ఫిరంగి వ్యవస్థ గొప్పతనం ఫిరంగుల్లో కంటే వాటి వెనకున్న ఫోన్లు, రేడియోలు, మ్యాపుల్లో ఉంది. ప్రతి పదాతి కంపెనీతో పాటు ఒక ఫిరంగి అబ్జర్వర్ నడుస్తాడు. అతను చేసే పని, ఎదురుగా ఏముందో, మ్యాపు మీద అది ఎక్కడుందో చెప్పడం. ఆ మాట వెనకాల ఫైర్ డైరెక్షన్ సెంటర్‌కు చేరుతుంది. దూరం, కోణం, గాలి, మందుగుండు వేడి అన్నీ అక్కడ లెక్కకట్టి ఫిరంగులకు అంకెలు ఇస్తారు. మొదటి గుండు ఎక్కడ పడిందో చూసి అబ్జర్వర్ "ఇంకో వంద గజాలు ముందుకు, యాభై ఎడమకు" అంటాడు. ఈ పద్ధతి వల్ల ఒకే అబ్జర్వర్ మాట మీద, తన బెటాలియన్ మాత్రమే కాదు, చుట్టుపక్కల ఉన్న పది బెటాలియన్లు కూడా కొద్ది నిమిషాల్లో ఒకే చోట కొట్టగలవు.

ఇంకో అడుగు ముందుకేసి, వేర్వేరు దూరాల్లో ఉన్న ఫిరంగులు వేర్వేరు క్షణాల్లో పేలి, గుండ్లన్నీ ఒకే క్షణంలో నేల తాకేలా లెక్కలు కట్టేవారు. మొదటి గుండు శబ్దం విని గోతిలోకి దూకే అవకాశం అప్పుడు ఉండదు. ఆరుబయట ఉన్న సైన్యానికి ఇంతకంటే భయంకరమైనది లేదు. గుహలో ఉన్నవాడికి మాత్రం అన్నీ ఒకేసారి పడినా, ఒకదాని తర్వాత ఒకటి పడినా పెద్ద తేడా లేదు.

నౌకల కాల్పులకు ఇదే పని చేయడానికి వేరే బృందాలుండేవి. నౌకాదళ అధికారి ఒకరు రేడియోతో సహా పదాతి దళంతో నేల మీద నడిచేవాడు. యుద్ధరేఖలోని రెజిమెంట్లకు తలో నౌకను కేటాయించేవారు. రాత్రిపూట ఈ నౌకలు చేసిన సాయం గురించి చాలామంది రాయరు గాని, గోతుల్లో ఉన్న కుర్రాళ్ళకు అదే ప్రాణం. వెలుగు గుండ్లు ఒకదాని తర్వాత ఒకటి పేల్చి, చీకట్లో పాక్కుంటూ వచ్చేవారిని కనబడేలా చేసేవారు. వెలుగు గుండ్ల కొరత వచ్చిన రాత్రి టెన్షన్ ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

ఇక పైన చిన్న రెండు సీట్ల విమానాలు. అబ్జర్వర్ అందులో కూర్చుని ఫిరంగులకు దారి చూపేవాడు. అలాంటి విమానం నెత్తిన తిరుగుతుంటే జపాన్ ఫిరంగులు నోరు మూసుకునేవి. పేలిస్తే జాడ తెలుస్తుంది, తెలిస్తే నిమిషాల్లో గుండ్లు పడతాయి. ఒక్క గుండూ పేల్చకుండా, ఒక చిన్న విమానం మొత్తం లోయను నిశ్శబ్దంగా ఉంచగలిగింది.

తరావా నాటి పక్క దీవి పాఠం ఇక్కడా పనిచేసింది. ఒడ్డు దిగడానికి ముందు రోజే, మార్చి 31న, నాహా పట్టణానికి ఎదురుగా సముద్రంలో ఉన్న కెయిసె అనే ఇసుక దిబ్బల మీద 24 లాంగ్ టామ్ ఫిరంగులు దించారు. 155 మిల్లీమీటర్ల ఈ ఫిరంగులు 20 కిలోమీటర్లకు పైగా కొడతాయి. షురి, నాహా వెనక దారులన్నీ వాటి అందుబాటులోకి వచ్చాయి. అంతకు ముందే కెరమా దీవులను పట్టుకోవడంతో నౌకలు గుండ్లు నింపుకోవడానికి ఒక రేవు దొరికింది.

మే 4: గుహ వదిలిన రోజు

ఏప్రిల్ నెలాఖరుకు ఉషిజిమా చుట్టూ ఉన్న అధికారులకు దాక్కుని పోరాడటం భరించలేనిదైంది. జనరల్ ఇసాము చో పెద్ద ఎదురుదాడి చేయాలని పట్టుబట్టాడు. యహారా ఒక్కడే వద్దన్నాడు. దీవి మీద ఫిరంగుల లెక్క అతనికి బాగా తెలుసు. మనం బయటికి వెళ్ళిన క్షణం వాళ్ళ అబ్జర్వర్లకు మనం కనబడతాం అన్నది అతని వాదన. అతని మాట చెల్లలేదు.

మే 4 తెల్లవారకముందు జపాన్ ఫిరంగులు ఆ యుద్ధంలోనే అతిపెద్ద కాల్పులు మొదలుపెట్టాయి. ముందుకెళ్ళే పదాతి దళానికి గుహలోంచి సాయం అందించడం కుదరదు కాబట్టి చాలా ఫిరంగుల్ని ఆరుబయటికి తెచ్చారు. తెల్లవారగానే అమెరికా చిన్న విమానాలు లేచాయి. ఆ రోజూ తర్వాతి రెండు రోజుల్లోనూ కలిపి దాదాపు 60 జపాన్ ఫిరంగులు నాశనమయ్యాయి. దాడికి వెళ్ళినవారిలో సుమారు 5,000 మంది చనిపోయారు. నెల రోజుల అమెరికా కాల్పులు గుహల్లో చేయలేని పని, మూడు రోజుల్లో బయట జరిగిపోయింది. ఆ తర్వాత జపాన్ ఫిరంగులు మళ్ళీ మునుపటిలా మోగలేదు. ఉషిజిమా యహారాను పిలిచి, ఇకపై నీ మాట వింటానని చెప్పాడని యుద్ధం తర్వాత తెలిసింది.

నా దృష్టిలో ఏప్రిల్ 19నీ, మే 4నీ పక్కపక్కన పెట్టి చదవాలి. అవే ఫిరంగులు, అవే గుండ్లు, అదే నేల. మారింది ఒక్కటే, ఎదుటివాడు కనబడ్డాడా లేదా అన్నది.

గుహల్లో మిగిలినవారి మీద అమెరికన్లు నేర్చుకున్న పద్ధతి నెమ్మదైనది, క్రూరమైనది. ఫిరంగులు, మోర్టార్లు పక్క గుట్టల మీద కొట్టి అక్కడివాళ్ళు తల ఎత్తకుండా చేస్తాయి. ఆ కాసేపట్లో ట్యాంకు గుహ నోటికి ఎదురుగా వచ్చి నేరుగా కొడుతుంది, మంటలు చిమ్మే ట్యాంకు లోపలికి చిమ్ముతుంది, పదాతి సైనికులు పైనుంచి పేలుడు మందు పెట్టి నోరు మూసేస్తారు. ఒక గుహ, తర్వాత ఇంకో గుహ. ఒక్క షుగర్ లోఫ్ అనే చిన్న గుట్ట చుట్టూ 6వ మెరైన్ డివిజన్ వారం రోజుల్లో 2,600 మందికి పైగా చనిపోయినవారినీ గాయపడినవారినీ లెక్కించింది. ఆ గుట్టను కాపాడింది దాని వెనకున్న రెండు దిబ్బల నుంచి వచ్చిన మోర్టార్లే.

గుండు ఎక్కడి నుంచి వస్తుంది

దీవి మీద పేల్చే ప్రతి గుండూ ఓడలో రావాలి. అమెరికా పడమటి తీరం నుంచి ఒకినావాకు 11,000 కిలోమీటర్లకు పైగా దూరం. 10 నాట్ల (గంటకు సుమారు 18.5 కిలోమీటర్ల) వేగంతో నడిచే సరుకు ఓడకు 26 రోజులు. ఏప్రిల్ 6న జపాన్ ఆత్మాహుతి విమానాలు, అంటే కామికాజెలు, హాబ్స్ విక్టరీ, లోగన్ విక్టరీ అనే రెండు మందుగుండు ఓడలను ముంచేశాయి. నెలాఖరుకు మూడోది కూడా పోయింది. మూడూ కలిపి దాదాపు 22,000 టన్నుల మందుగుండు సముద్రం పాలైంది. అందులో 81 మిల్లీమీటర్ల మోర్టార్ గుండ్లు చాలా ఉన్నాయి. వెనక వాలును అందుకోగలిగిన ఆయుధానికే కొరత వచ్చిందన్నమాట.

ఒకినావాలో అమెరికా సైన్యం కమాండర్ బక్నర్ తీసుకున్న అతి వివాదాస్పద నిర్ణయం కూడా ఇక్కడే ముడిపడి ఉంది. షురి ముందు తల బాదుకోవడం కంటే, దక్షిణాన మినతోగా తీరంలో ఇంకో డివిజన్‌ను దించి వెనక నుంచి కొడదామని కొందరు జనరల్స్ అడిగారు. ఆయన ఒప్పుకోలేదు. ఆ ఒడ్డున సరిపడా మందుగుండు దించలేమని, ఉత్తరాన ఉన్న ఫిరంగులు అంతదూరం అందవని ఆయన కారణాలు. ఫిరంగుల నీడ ఎక్కడిదాకా పడుతుందో అక్కడిదాకే ఆయన యుద్ధం జరిపాడు. నాకు ఆయన భయం అర్థమవుతుంది, కానీ ఆ జాగ్రత్తకు సముద్రంలో ఉన్నవారు ధర చెల్లించారు. నేల మీద సైన్యం నెమ్మదిగా కదిలినన్నాళ్ళూ నౌకలు ఒడ్డు దగ్గరే, కామికాజెల కింద నిలబడాల్సి వచ్చింది. 4,900 మంది నావికులు చనిపోయారు. 30కి పైగా నౌకలు మునిగాయి.

మొత్తం యుద్ధంలో నేల మీది అమెరికా ఫిరంగులు 17.66 లక్షల గుండ్లు పేల్చాయి. నౌకల పెద్ద ఫిరంగులు ఇంకో 6 లక్షలు.

మే మూడో వారం నుంచి వానలు పట్టుకున్నాయి. దారులు బురదైపోయి లారీలు కదల్లేదు, చిన్న విమానాలు ఎగరలేదు. అమెరికా కళ్ళు మూసుకుపోయిన ఆ రోజుల్లోనే ఉషిజిమా షురి వదిలి దక్షిణానికి జారుకున్నాడు. మే 26న కాసేపు మబ్బు తొలగినప్పుడు పైనుంచి దారుల్లో బారులు తీరిన జనం కనిపించారు. కొద్ది నిమిషాల్లో నౌకలూ ఫిరంగులూ ఆ దారుల మీద కొట్టాయి. వేల ఏళ్ళు కాకపోయినా వందల ఏళ్ళ చరిత్ర ఉన్న షురి కోటను మిసిసిపీ యుద్ధనౌక 14 అంగుళాల గుండ్లు ఆ రోజుల్లోనే రాళ్ళ కుప్ప చేశాయి. జూన్ 18న బక్నర్ ముందు వరుసలోని ఒక పరిశీలన స్థానంలో నిలబడి ఉండగా, మిగిలిన కొద్ది జపాన్ ఫిరంగుల్లో ఒకటి వేసిన గుండ్లకు చనిపోయాడు.

మే 26న ఆ దారుల్లో నడిచింది సైనికులు మాత్రమే కాదు. జపాన్ సైన్యం దక్షిణపు కొసకు వెళ్ళడంతో, అప్పటికే అక్కడ తలదాచుకున్న లక్ష మంది దాకా ఒకినావా ప్రజల మధ్యకు సుమారు 30,000 మంది సైనికులు వచ్చి చేరారు. అవే గుహలు, అవే దారులు, అవే బావులు. చాలా చోట్ల సైనికులు ఊరివాళ్ళను గుహల్లోంచి గెంటేశారు. అమెరికన్లు కరపత్రాలు వేసి, ప్రజలు తెల్లబట్టలు కట్టుకోవాలని, సైన్యానికి దూరంగా నడవాలని చెప్పారు. వేల అడుగుల ఎత్తు నుంచి, వానలో, బురదలో ఉన్న మనిషి బట్ట రంగు చూసి కాల్పులు ఆపడం ఎన్నిసార్లు కుదిరి ఉంటుంది? నిమిషాల్లో పది బెటాలియన్లను ఒక చోటికి తిప్పగలిగిన వ్యవస్థకు, ఆ చోట ఉన్నది ఎవరో తెలుసుకునే దారి లేదు. ఒకినావా ప్రభుత్వ అంచనా ప్రకారం సైన్యంలో లేని పౌరులే 94,000 మంది చనిపోయారు. తుపాకీ ఇచ్చి సైన్యంలో కలిపేసిన స్థానికులు వేరు.

జూన్ 6న ఒరోకులో చుట్టుముట్టబడిన జపాన్ నౌకాదళ కమాండర్ మినోరు ఓటా టోక్యోకు ఒక టెలిగ్రామ్ పంపాడు. వారం తర్వాత చనిపోయాడు. ఆ టెలిగ్రామ్‌లో యుద్ధ నివేదిక కంటే ఎక్కువగా ఉన్నది ఊరివాళ్ళ గురించి. ఇళ్ళూ ఆస్తులూ కాలిపోయాక ముసలివాళ్ళు, పిల్లలు, ఆడవాళ్ళు చిన్న చిన్న గోతుల్లో గుండ్ల కింద, వానలో ఎలా బతుకుతున్నారో రాశాడు. ఇది చెప్పాల్సింది జిల్లా గవర్నరు గాని, ఆయనకు ఇప్పుడు సమాచారం పంపే దారి లేదు కాబట్టి తాను పంపుతున్నానన్నాడు. ఈ ప్రజలను ముందు ముందు ప్రత్యేకంగా చూసుకోవాలని కోరాడు.